పాటకు పేరొచ్చింది, డప్పుకు రాలేదు

వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూసినప్పుడు తెలుగు సమాజం ఆయనను ప్రజాకవిగా, ప్రజా వాగ్గేయకారుడిగా స్మరించుకుంది. ఆ బిరుదులు ఆయనకు తగినవే. అయితే ఆయన కాగితం మీద రాసి పత్రికకు పంపిన కవి కాదు. ఊరూరా తిరిగిన ఒక ఆటపాటల దళానికి నాయకుడు. కాళ్ళకు గజ్జెలు, భుజాన గొంగడి, వెనుక డప్పు, ఎదుట నేల మీద కూర్చున్న వేల మంది జనం. ఇవన్నీ కలిస్తేనే వంగపండు పాట. అచ్చులో ఆ పాటను చదివితే సగమే అందుతుంది. మిగిలిన సగం దరువులో ఉంది. ఆ దరువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతుల నుంచి వచ్చింది అన్న ప్రశ్న వేసుకోకుండా మనం ఆయనకు నివాళులు అర్పిస్తూ వస్తున్నాం. కులాన్ని గురించి మాట్లాడే చోటనైనా ఈ ప్రశ్న వేయాలి.

వంగపండు 1943 జూన్‌లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టారు. కొండకూ మైదానానికీ నడుమ ఉన్న ఊరు అది. ఒక పక్క సవరల, జాతాపుల కొండలు. మరో పక్క భూస్వాముల పొలాలు, పాలేర్ల గుడిసెలు. బతుకుతెరువు ఆయనను విశాఖపట్నం తీసుకువచ్చింది. అక్కడ హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడయ్యారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పుట్టిన వేలాది మందికి ఆ రోజుల్లో అదే దారి. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల నిర్మాణానికి పునాది వేసింది. అక్కడ తయారైన జల ఉష అనే ఓడను 1948లో జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1961 నాటికి ఆ కార్ఖానా ప్రభుత్వపరమైంది. మల్కాపురం, గాజువాక, జ్ఞానాపురం వంటి చోట్ల శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన వారు గుడిసెలు వేసుకుని, అద్దె గదుల్లో సర్దుకుని ఈ నగరాన్ని నిలబెట్టారు. పల్లె నుంచి వారు తెచ్చుకున్న సొత్తు రెండే: ఒంట్లో సత్తువ, నోట్లో పాట.

ఆ పాట కులరహితమైన పాట కాదు. ఉత్తరాంధ్ర కళారూపాల పటం గీస్తే అది దాదాపు కులాల పటమే అవుతుంది. తప్పెటగుళ్ళు గొల్లలవి. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, వలయాలు తిరుగుతూ, ఒకరి భుజాల మీద మరొకరు నిలుస్తూ వారు ఆడే ఆట ఊపిరి సలపనివ్వదు. జముకుల కథ గ్రామదేవతల కొలుపుల్లో రాత్రంతా సాగేది. ఒక వైపు తోలు బిగించి, దాని మధ్యగా నరం లాగి మీటే జముకు దాని వాయిద్యం. ఆ ఒక్క నరం ఏడుస్తుంది, నవ్వుతుంది, కథకుడిని ఎగదోస్తుంది. తూర్పు భాగోతానికి మద్దెల ప్రాణం. ఇక డప్పు సంగతి చెప్పనే అక్కరలేదు. మాల, మాదిగ, రెల్లి వాడల్లో మంట దగ్గర కాచి బిగించుకున్న ఆ తోలు వాయిద్యం లేకుండా ఊరిలో పెళ్ళి లేదు, జాతర లేదు, చావు లేదు, చాటింపు లేదు. ఊరికి అది కావాలి. దాన్ని వాయించే మనిషి మాత్రం ఊరికి బయట ఉండాలి. పశువు తోలు కనుక అది అంటు అన్నారు. అదే తోలుతో చేసిన మృదంగం గుడి మండపం మీదికి ఎక్కినప్పుడు ఆ అంటు ఏమైపోయిందో శాస్త్రం చెప్పినవారు ఎప్పుడూ చెప్పలేదు.

వంగపండు మీద పడిన ప్రభావాలను వెతకాలంటే ఈ వాడల్లోనే వెతకాలి. ఆయనకు ముందు ఇదే నేల మీద సుబ్బారావు పాణిగ్రాహి ఉన్నారు. ఆయన ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, గుడిలో పూజారిగా పనిచేసినవాడు. ఆ మనిషి జముకు అందుకుని శ్రీకాకుళ రైతాంగ పోరాట కథను చెప్పాడు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తూటాలకు బలయ్యాక ఆ పోరాటం ఎంతగా రాజుకుందో తెలిసిందే. 1969 డిసెంబర్‌లో పాణిగ్రాహిని పోలీసులు కాల్చి చంపారు. అర్చకుడు జముకు పట్టడం చిన్న సంగతి కాదు. చేతుల మారకం కూడా కుల వ్యవస్థకు ఒక సవాలే. వంగపండు ఆ దారిని ఇంకా ముందుకు తీసుకుపోయారు. ఒక్క జముకు దగ్గర ఆగకుండా ఉత్తరాంధ్రలోని దరువులన్నిటినీ ఒక దళంలో కలిపారు.

1972లో జన నాట్య మండలి రూపుదిద్దుకున్నప్పుడు దాని వ్యవస్థాపకుల్లో వంగపండు ఒకరు. తూప్రాన్ దళితవాడ నుంచి వచ్చిన గద్దర్ మరొకరు. ఒకరిది తెలంగాణ పల్లె గొంతు, మరొకరిది కళింగాంధ్ర యాస. వీరిద్దరూ చేసిన పని తెలుగు ప్రదర్శన కళను మూలం నుంచి మార్చింది. అంతకు మునుపు ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పింది. దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఆ కథకు మహారాజు. జన నాట్య మండలి దాని పక్కకు డప్పును తెచ్చి వేదిక నడుమ నిలిపింది. కూలివాడి గోచీ, గొంగడి, చేతికర్ర రంగస్థల దుస్తులయ్యాయి. పాటగాడు నిలబడి పాడడం మానేసి అడుగు వేస్తూ పాడాడు. తూర్పు భాగోతపు నడకను తీసుకుని వంగపండు ‘భూమి భాగోతం’ రచించారు. సత్యభామ అలకలు పాడుకున్న రూపంలోకి భూమి ఎవరిది అన్న తగువు వచ్చి కూర్చుంది. కార్ఖానాలో యంత్రం ఎలా నడుస్తుందో, ఆ నడకలో కార్మికుడి చెమట ఎక్కడ చేరుతుందో విడమరచి చెప్పిన ఆయన పాటలో షిప్‌యార్డు అనుభవం వినిపిస్తుంది. అది రాజకీయార్థ శాస్త్రంలో ఒక పాఠం. కానీ కాలు ఆడకుండా వినలేని పాఠం.

భాష సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు వాడుక భాషకు గౌరవం తెచ్చారు. అయినా ఆ వాడుక చాలాకాలం శిష్టుల వాడుకగానే మిగిలింది. రంగస్థలం మీద, వెండితెర మీద శ్రీకాకుళం యాస అంటే నవ్వులాట. నౌకరు పాత్రకు, అమాయకుడి పాత్రకు ఆ యాస అంటించడం నేటికీ ఆగలేదు. వంగపండు దానినే తన అధికార భాష చేసుకున్నారు. పొలంలో నాట్లు వేసే ఆడమనిషి మాట, ఓడరేవులో బస్తా మోసే కళాసీ మాట వేలాది మంది సభలో ఆదేశంలా మోగింది.

దరువును ఇంత దూరం తీసుకువెళ్ళిన దళనాయకులు ప్రపంచంలో ఇతర చోట్ల కూడా ఉన్నారు. వారి కథ మనకు ఒక గుణపాఠం చెబుతుంది. అమెరికాలో నల్లజాతి సంగీతకారులు 1960ల చివర ఒక కొత్త సంగీతాన్ని పుట్టించారు. దాని పేరు ఫంక్. ఆ మాటకు మూలార్థం ఒంటి కంపు, చెమట వాసన. ఈసడింపు ధ్వనించే ఆ మాటను నల్లవారు గర్వంగా తమ సంగీతానికి పెట్టుకున్నారు. అంటరాని తోలు అన్న డప్పును ఆత్మగౌరవ పతాక చేసుకున్న మన చరిత్రకు అది దగ్గరి చుట్టం. ఫంక్ దళాలకు పెద్దదిక్కు జేమ్స్ బ్రౌన్. 1933లో సౌత్ కరోలైనాలో కటిక పేదరికంలో పుట్టినవాడు. ఏడాది పొడవునా ఊళ్ళు తిరిగిన తన దళంలో స్వరం తప్పిన వాయిద్యగాడికి జరిమానా వేసేవాడు. పాటలో రాగం కన్నా దరువును ముందు నిలిపాడు. 1968లో నల్లవాడినని గర్వంగా ఎలుగెత్తి చెప్పమన్న ఆయన పాట అమెరికా వీధుల్లో మార్మోగింది.

ఆయన దళంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్ము వాయిద్యగాడు ఉండేవాడు. చట్టనూగా అనే కార్ఖానాల ఊళ్ళో, యంత్రాల మోత, రైళ్ళ చప్పుడు వింటూ పెరిగినవాడు. 1969లో రికార్డయిన ఒక పాటలో కొన్ని క్షణాల పాటు అతడొక్కడే వాయించిన దరువును తరువాతి తరం ర్యాప్ సంగీతకారులు వెయ్యికి పైగా పాటల్లో వాడుకున్నారు. ప్రపంచంలో అతి ఎక్కువగా పునర్వినియోగమైన దరువుల్లో అది ఒకటి. కర్తగా నమోదైన పేరు మాత్రం జేమ్స్ బ్రౌన్‌ది. వాయించిన చేతులకు రాయల్టీ దక్కలేదు. 2017లో క్లైడ్ చనిపోయాడు. పీడిత జాతి నుంచి వచ్చిన నాయకుడి దళంలో కూడా పాటకు కర్త ఉంటాడు, దరువుకు ఉండడు. చట్టం మాటను, రాగాన్ని సొత్తుగా గుర్తించింది. చేతి వాయిద్యాన్ని కూలిగా చూసింది.

తెలుగు నేల మీద ఈ అన్యాయం రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టు మీద వంగపండు వంటి నాయకుడి పేరే చెరిగిపోతుంది. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ తెలియని తెలుగువారు అరుదు. ఆ పాటకు ఒక రచయిత ఉన్నాడని, ఆయన బతికే ఉన్నాడని తెలియనివారు మాత్రం కోకొల్లలుగా ఉండేవారు. సరసపు పిలుపులా మొదలై శ్రీకాకుళం కొండల పోరాటానికి పిలిచే ఆ పాటను జనం తమదిగా చేసుకున్నారు. కవికి అంతకు మించిన గౌరవం లేదు. కానీ జనం తమదిగా చేసుకోవడం వేరు, వ్యాపారం తనదిగా చేసుకోవడం వేరు. 2009లో ‘మగధీర’ సినిమా పాటలో తన పల్లవి మాటలు అనుమతి లేకుండా, పేరు చెప్పకుండా వాడుకున్నారని వంగపండు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. డబ్బు ఒక్కటే అయితే ఆ తగువును ఇంతగా గుర్తు పెట్టుకోనక్కరలేదు. జానపదం అన్న ముద్ర పడగానే ఒక రచన కర్త లేని సొత్తు అయిపోతుందన్నది అసలు సంగతి. శాస్త్రీయ కీర్తనకు వాగ్గేయకారుడి ముద్ర చరణంలోనే ఉంటుంది. ఎవరు పాడినా ఆ పేరు తలవక తప్పదు. వాడ పాటకు ఆ ముద్ర లేదు. ఎవరు గొప్ప కర్త, ఎవరు అనామక జనం అన్న విభజన సాహిత్య శాస్త్రం నుంచి వచ్చింది కాదు, కులం నుంచి వచ్చింది.

రెండో మెట్టు ఇంకా కిందిది. వంగపండు తన పేరు కోసం నిలబడి అడగగలిగారు. ఆయన వెనుక డప్పు వాయించినవారు, గొంతు కలిపినవారు, చలిరాత్రుల్లో లారీల వెనుక కూర్చుని ఊరి నుంచి ఊరికి తిరిగినవారు, పోలీసు దెబ్బలు తిన్నవారు అడగలేదు. వారి జాబితా ఎక్కడుంది? సభల కరపత్రాల్లో నాయకుడి పేరు, ‘బృందం’ అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట కింద ఎన్ని వాడలు, ఎన్ని ఇంటిపేర్లు అణిగిపోయాయో ఎవరూ లెక్క రాయలేదు. వెట్టి డప్పును విప్లవ డప్పుగా మార్చిన ఘనత ఉద్యమానిదే. కానీ వెట్టిలో పేరు లేని మనిషి విప్లవ వేదిక మీద కూడా పేరు లేకుండానే మిగలడం సరిదిద్దవలసిన చరిత్ర.

ఈ విమర్శ కొత్తది కాదు. 1985 జూలై 17న కారంచేడులో దళితులను ఊచకోత కోసినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో అదే నెత్తురు పారినప్పుడు తెలుగు దళిత ఉద్యమం వామపక్ష సాంస్కృతిక దళాలను నిలదీసింది. వర్గం గురించి ఇంత గొప్పగా పాడిన గొంతు కులం పేరెత్తడానికి ఎందుకు తడబడుతోందని అడిగింది. 1994లో పుట్టిన మాదిగ దండోరా డప్పును తన గుర్తుగా ఎత్తుకుని, వాయించే కులం పేరును ఉద్యమం పేరులోనే పెట్టుకుంది. ఉత్తరాంధ్రకు ఆ ప్రశ్న మరింత ఆలస్యంగా, మరింత కఠోరంగా ఎదురైంది. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మింపేటలో అయిదుగురు దళితులను చంపారు. తగువు మడ్డువలస జలాశయం కోసం సేకరించిన భూముల్లో సాగు గురించి. ‘భూమి భాగోతం’ పుట్టిన నేల మీద, అదే భూమి కోసం, దళితుడిని చంపినవారు జమీందారులు కాదు. పక్కనే బతికే మరో రైతు కులం వారు. భూమి దున్నేవాడిదే అన్న నినాదం గొప్పదే. కానీ దున్నేవారందరూ ఒక్క మెట్టు మీద లేరన్న సత్యాన్ని ఆ నినాదం చూపించలేకపోయింది. డప్పు దరువును తీసుకున్న పాట, ఆ డప్పు పట్టిన మనిషికి భూమిలో, ఊరిలో, పేరులో వాటా ఎంత అన్న ప్రశ్నను కూడా తీసుకుని ఉండవలసింది.

ఈ మాటను వంగపండు మీద నేరారోపణగా చూడనక్కరలేదు. ఏ కవి అయినా తన కాలం ఇచ్చిన పరికరాలతోనే పని చేస్తాడు. ఆయన కాలం వర్గ పోరాట భాషను ఇచ్చింది. ఆయన ఆ భాషకు ఉత్తరాంధ్ర గొంతు ఇచ్చారు. ఆ గొంతు లేకపోతే తరువాతి దళిత, బహుజన పాటకు వేదిక కూడా ఇంత సిద్ధంగా ఉండేది కాదు. మిగిలిన పని మనది.

ఆ పని విశాఖలో ఎందుకు అత్యవసరమో చెప్పడానికి ఉక్కు కర్మాగారం వైపు చూస్తే చాలు. 1966 ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. వేలాది ఎకరాల భూములు పోగొట్టుకున్న నిర్వాసితుల్లో ఎందరో చేతిలో ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూశారు. షిప్‌యార్డు, ఓడరేవు, ఉక్కు వంటి ప్రభుత్వ రంగ సంస్థలు ఈ నగరంలో కేవలం ఉపాధి కేంద్రాలు కావు. రిజర్వేషన్ అమలైన చోట్లు. వాడలో డప్పు వాయించినవాడి కొడుకు అక్కడ ఫిట్టర్ అయ్యాడు, వెల్డర్ అయ్యాడు, క్యాంటీన్‌లో అందరి పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. పాట రాసే తీరిక, సంఘం పెట్టే ధైర్యం నెల జీతం నుంచి వచ్చాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తాన్ని అమ్మడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించినా కార్మికుల భయం తొలగలేదు. ప్రైవేటు సంస్థకు రిజర్వేషన్ బాధ్యత లేదు. 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ చేసి రెల్లి ఉపకులాలకు 1 శాతం, మాదిగ ఉపకులాలకు 6.5 శాతం, మాల ఉపకులాలకు 7.5 శాతం వాటాలు నిర్ణయించింది. వాటా పంచుకోవడం న్యాయమే. కానీ పంచుకోవలసిన ప్రభుత్వ ఉద్యోగమే కరిగిపోతుంటే విస్తరి వేసి అన్నం మరిచినట్టే. షిప్‌యార్డు లేకపోతే వంగపండు అనే కార్మిక కవి ఉండేవాడా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఇక డప్పు కళాకారుడికి రాష్ట్రం ఇస్తున్నదేమిటి? 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను. వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే మొత్తం కూడా అంతే. ఆ డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్ళు ఉన్నాయి. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆ పింఛను పేదవాడికి ఇచ్చే ఆసరా. కళాకారుడికి ఇచ్చే గుర్తింపు వేరు. సంగీత కళాశాలలో మృదంగం నేర్పేవారికి అధ్యాపకుడి జీతం, పదోన్నతి, పదవీ విరమణ ప్రయోజనాలు ఉన్నాయి. డప్పు నేర్పే గురువుకు ఆ హోదా ఎక్కడ?

చేయదగిన పనులు కష్టమైనవి కావు. జన నాట్య మండలి మొదలు నిన్నటి దళాల వరకు వాయించినవారు, గొంతు కలిపినవారు ఇంకా కొందరు బతికే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి సంస్థ వారి పేర్లను, ఊళ్ళను, వారు వాయించిన దరువులను వారి మాటల్లోనే నమోదు చేయాలి. ఆలస్యమైతే ఆ చరిత్ర మట్టిలో కలిసిపోతుంది. కాపీరైట్ చట్టానికి 1994లో వచ్చిన సవరణ ప్రదర్శకుడి హక్కును గుర్తించింది. 2012 సవరణ అతడికి రాయల్టీ దారి తెరిచింది. ఆ హక్కు సినిమా గాయకుల దగ్గరే ఆగిపోకుండా రికార్డింగ్ థియేటర్‌లో రోజుకూలికి డప్పు వాయించేవాడి దాకా చేరాలి. పాట వివరాల్లో వాయిద్యకారుల పేర్లు తప్పనిసరి చేయాలి. సంగీత కళాశాలల్లో డప్పుకు, జముకుకు, తప్పెటగుళ్ళకు పూర్తి స్థాయి శాఖలు తెరిచి, ఆ కళ పుట్టిన కులాల వారినే గురువులుగా నియమించాలి. వంగపండు పేరిట ఏ పురస్కారం ఇచ్చినా అది పాట రాసినవారికి ఒకటి, దరువు వేసినవారికి ఒకటిగా ఉండాలి.

వంగపండు పాట నేటికీ కార్మిక శిబిరాల్లో, ఊరేగింపుల్లో, పెళ్ళి పందిళ్ళలో మోగుతూనే ఉంది. మోగిన ప్రతిచోటా ఆయన పేరు చెప్పడం మన మొదటి బాధ్యత. ఆయన పక్కన నిలబడి వాయించినవారి పేరు కూడా అడగడం రెండో బాధ్యత. ఆ రెండో పేరు చెప్పగలిగిన రోజున డప్పు ఊరి బయటి నుంచి ఊరి నడుమకు వచ్చిందని నమ్మవచ్చు.